వేసవియు బ్యాటరీయు

మన కడప, కర్నూలు సీమలలో వేసవి యెట్టిదో వేఱుగ చెప్ప నక్కఱలేదు. పగటి వేడి 40 డిగ్రీలు దాటు దినము లనేకములు. నాపరాళ్లు కప్పిన యిండ్లలో అర్ధరాత్రి వఱకు సెగ చల్లారదు. మనుష్యులమగు మనము చెట్టునీడకు పోగలము. ఇంటి మూల నుంచిన బ్యాటరీ యెక్కడికి పోగలదు?

మా విద్యార్థి యొకడు పదవ తరగతి చదువుచు, కరెంటు పోయిన రాత్రులందు 12 వోల్టుల చిన్న బ్యాటరీతో వెలుగు దీపము నొద్ద పాఠములు చదువుకొనుచుండెను. తండ్రి నాపరాతి గనిలో కూలిపని చేయువాడు. రెండు వేసవులలో రెండు బ్యాటరీలు పొట్ట యుబ్బి పాడైపోయెను. మూడవదానిని కొన్న తరువాత ఆ తండ్రి మాయింటికి వచ్చి, "అయివారూ, ఇదన్నా నిలిచేట్టు చూడండి" అనెను.

మేము మొదట బ్యాటరీ ప్రక్కన నున్న సన్నని యక్షరములను బాలునిచేత చదివించితిమి. ఎడతెగక ఛార్జరునకు తగిలించి యుంచినయెడల 13.5 మొదలు 13.8 వోల్టు లుండవలెననియు, ఆ లెక్క 25 డిగ్రీల వేడికి చెప్పినదనియు అందుండెను. ఇట్టి సీసపు బ్యాటరీలో ఆరు గదులుండును. వేడి యొక డిగ్రీ హెచ్చినపుడెల్ల గదికి 3 మిల్లీవోల్టులకు పైగా, మొత్తముమీద సుమారు 20 మిల్లీవోల్టులు తగ్గింపవలయును. 40 డిగ్రీలకు తేడా 15 డిగ్రీలు, అనగా 0.3 వోల్టు. కావున 13.7కు బదులు 13.4 వోల్టులు చాలును. తగ్గింపనిచో లోపలి నీరు వాయువులుగా విడిపోయి, బ్యాటరీ యెండి, మఱింత వేడెక్కి యుబ్బును.

బాలుని ఛార్జరును విప్పి చూడగా ట్రాన్స్‌ఫార్మరు, డయోడులు, ప్రవాహమును తగ్గించు నిరోధకము తప్ప అందు మఱేమియు లేవు. బ్యాటరీ నిండినను అది యాగదు. మేము కొలిచినపుడు 15 వోల్టులు దాటి యుండెను.

ఒక శనివారమున మాయింట దానిని సవరించితిమి. ప్లగ్గు తీసివేసి, 230 వోల్టుల వైపు తాకక, డయోడుల తరువాతి భాగముననే పనిచేసితిమి. వడపోతకొక కండెన్సరును, ఎల్‌ఎం 317 అను మూడు కాళ్ల రెగ్యులేటరును, అది చల్లబడుటకు అల్యూమినియపు రెక్కలను అమర్చితిమి. దాని లెక్క సులభము: రెండవ నిరోధకమును మొదటిదానిచే భాగించి, ఒకటి కూడి, 1.25చే హెచ్చవేసిన వెలువడు వోల్టులు తెలియును. మొదటిది 240 ఓములు. రెండవదానికి 2,000 ఓముల నిరోధకమును, దానితో వరుసగా 1,000 ఓముల త్రిప్పుడు నిరోధకమును ఉంచితిమి. కరెంటు పోయినపుడు బ్యాటరీ వెనుకకు ప్రవహింపకుండ చివర డయోడు చేర్చితిమి. ఆ పిమ్మట బ్యాటరీకి బదులు 1,000 ఓముల నిరోధకమును తగిలించి, మీటరు 13.4 చూపువఱకు బాలుడే త్రిప్పెను. చలికాలమున మరల 13.7కు త్రిప్పుమని చెప్పి పంపితిమి.

అటు పిమ్మట రెండు వేసవులు గడచినవి. ఆ బ్యాటరీ యుబ్బలేదు. బాలుడు దాని వెలుగుననే చదివి పరీక్ష వ్రాసెను.

విద్యార్థులారా, ఒక్క హెచ్చరిక. ఈ ఛార్జరు సీసపు బ్యాటరీలకే తగును. బొమ్మ విమానములలోని సామాన్యపు లిథియము గది 4.2 వోల్టుల యొద్ద నాగవలయును, మీరినచో నిప్పంటుకొనవచ్చును. దానికి దాని ఛార్జరునే వాడుడు. ఏ పనిముట్టు నైనను వాడుటకు ముందు, దానిపై ముద్రించిన సంఖ్య యెంత వేడిలో కొలిచినదో చదువుడు. పెద్దలు దగ్గఱ నుండగనే విప్పుడు.