ఓపీ చీటీ మీద రబ్బరు స్టాంపు

"మీ అత్తగారికి మతిమరుపు ఎప్పట్నుంచమ్మా?" డాక్టరు వేషంలో ఉన్న మెడికల్ ఆఫీసరు అడిగాడు. కోడలి వేషం కట్టిన స్టాఫ్ నర్సు తడుముకోలేదు. "మతిమరుపుదేముంది డాక్టరుగారూ, వయసొచ్చాక ఎవరికుండదు? రాత్రిళ్లు తను పడుకోదు, మమ్మల్ని పడుకోనివ్వదు. నిద్రమాత్ర రాయండి చాలు." హాలంతా నవ్వేసింది. రోజూ వినే మాటే మరి.

కృష్ణా జిల్లాలో ఒక ఏరియా ఆసుపత్రి మేడ మీద, డిమెన్షియాని (మరుపు జబ్బుని) గుర్తుపట్టడం నేర్పే శిక్షణలో వేసిన నాటిక ఇది. చుట్టుపక్కల పీహెచ్‌సీల డాక్టర్లు, సిస్టర్లు, ఇద్దరు ఫార్మసిస్టులు వచ్చారు. నేర్పుతున్నావిడ నరాల డాక్టరు. ఆమె చేతిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఎంహెచ్‌గ్యాప్ గైడు ఉంది. నిపుణులు లేనిచోట మామూలు డాక్టర్లూ నర్సులూ వాడుకోవడానికని 2010లో తెచ్చి, 2016లో సవరించిన పుస్తకం అది. డిమెన్షియా గురించి అందులో ఏముందో ఆవిడ పెద్దగా చెప్పనే లేదు. "ఇందులో ఉన్నది మీకు తెలుసు. ఓపీలో ఎందుకు జరగడం లేదో అది చెప్పండి" అంది.

చెప్పారు. ఒక్కో మనిషికి మూడు నిమిషాలు కూడా ఉండవు. ముసలాయన బీపీ మాత్రలకొస్తాడు, మరుపు గురించి తనంతట తను చెప్పడు. ఇంట్లోవాళ్లు చాదస్తమనుకుంటారు. 2023లో వచ్చిన లాసీ-డ్యాడ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో డిమెన్షియా ఉన్నవాళ్లు సుమారు 88 లక్షలు, అంటే నూటికి ఏడుగురికి పైనే. ఇంతమందినీ పట్నాల్లోని న్యూరాలజిస్టులు చూడలేరు. మొదట గుర్తుపట్టాల్సింది ఈ మూడు నిమిషాల ఓపీలోనే.

అప్పుడు ఆవిడ సంచిలోంచి ఒక రబ్బరు స్టాంపు తీసి, ఓపీ చీటీ వెనక వేసి చూపించింది. ఊదారంగు సిరాలో ఐదు ప్రశ్నలు. మునుపటికీ ఇప్పటికీ తేడా ఉందా? మెల్లగా వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా? డబ్బు లెక్క, వంట, స్నానం తనే చూసుకుంటున్నారా? ఏమేం మందులు వాడుతున్నారు? కనిపెట్టుకునేది ఎవరు, వాళ్లకి నిద్ర ఉంటోందా? వరసలో నిలబడ్డప్పుడే తోడొచ్చినవాళ్లని సిస్టరు అడిగి టిక్కు పెడుతుంది. డాక్టరు చీటీ తిప్పి చూస్తే చాలు. శిక్షణలంటే పొద్దుటి నుంచీ స్లైడ్లు చూపించి, బిర్యానీ పెట్టి పంపడమేనని తెలిసినవాణ్ణి. ఈ స్టాంపు నాకు నచ్చింది.

మధ్యాహ్నం దాన్ని నిజం ఓపీలోనే వాడారు. వచ్చిన ఒక రైతు మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, గాలిలో ఏదో ఏరుతున్నాడు. "మతి పోయిందండీ" అన్నాడు కొడుకు. సిస్టరు రెండో ప్రశ్న దగ్గర ఆగింది. వారం కిందట శుభ్రంగా చేలోకి వెళ్లొచ్చాడట. నాలుగో ప్రశ్న అడిగితే కొడుకు జేబులోంచి జలుబు మాత్రల రేకు బయటికొచ్చింది. ఊళ్లో ఎవరో ఇచ్చిన సీపీఎం, అంటే క్లోర్‌ఫెనిరమిన్. డాక్టరు పొట్ట తడిమాడు, మూత్రం నిలిచిపోయి ఉంది. ముసలివాళ్లలో ఆ మాత్ర మూత్రాన్నీ ఆపగలదు, మతినీ చెదరగొట్టగలదు. ఉన్నట్టుండి వచ్చింది డిమెన్షియా కాదు, డెలీరియం. ముందు దాని కారణం వెతకాలి. ట్యూబు వేసి, మాత్ర ఆపించారు.

తర్వాత వచ్చిన పెద్దావిడకి ఒక కుర్ర డాక్టరు తెల్లకాగితం ఇచ్చి గడియారం గీయమన్నాడు. జన్మలో పెన్ను పట్టని మనిషి! కాగితాన్ని మడిచి బొడ్డులో దోపుకుంది. చదువు రానివాళ్లకి ఇలాంటి పరీక్ష పెడితే లేని జబ్బు కూడా తేలుతుంది. కూతుర్ని అడిగితే అసలు సంగతి బయటపడింది. నలభై ఏళ్లు పాలు పోసి వాడికల లెక్క నోటితో చెప్పిన మనిషి, ఏడాదిగా ఇచ్చినవాళ్లనే మళ్లీ డబ్బులడుగుతోందట. బీ12కీ, థైరాయిడ్‌కీ రక్తం తీశారు.

తిరిగి హాల్లోకొచ్చాక వాదన ముదిరింది నిద్రమాత్రల దగ్గరే. డయాజిపామ్ ఇస్తే తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఇక హాలోపెరిడాల్ లాంటివి డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలు పెంచుతాయని అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరికే పెట్టించింది. ముందు నొప్పి ఉందేమో, మలబద్ధకం ఉందేమో, పగలంతా నిద్రపోతున్నారేమో చూడమంటుంది గైడు. "చూస్తాం మేడమ్. ఈలోపు ఆ కోడలు ఈ రాత్రికేం చెయ్యాలి?" అని ఒక సీనియర్ డాక్టరు నిలదీశాడు. ఆవిడ దగ్గర సూటి జవాబు లేదు. ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవాలని, ఆ మాట కొడుకుని పిలిచి డాక్టరే చెప్పాలని అంది. కోడలు చెబితే వినని కొడుకు డాక్టరు చెబితే వింటాడన్నది నిజమే. కానీ ఇంట్లో కోడలొక్కతే ఉంటే వంతు ఎవరితో? గైడు రాసినవాళ్లు ఆ ఇంటికి వెళ్లినట్టు లేదు.

చివర్లో, ఈ చీటీల వివరాలు ఎక్కించడానికి కొత్త రిజిస్టరు పెడదామని ఎవరో అన్నారు. వెనక వరసలోంచి హెడ్ సిస్టరు లేచి, "ఉన్న రిజిస్టర్లే మోయలేకపోతున్నాం మేడమ్, ఇంకోటి మాత్రం వద్దు" అంది. చాలాసేపు తర్జనభర్జనలు పడి, బీపీ షుగరు రిజిస్టర్లోనే పక్కన ఒక గడి గీసుకోవడానికి ఒప్పుకున్నారు. స్టాంపులు ఎవరి డబ్బుతో చేయించాలన్నది మాత్రం తేలలేదు.