విప్పిన మండపం.. మళ్లీ నిలిచింది!

ఎనుమాముల అనగానే మిర్చి ఘాటే గుర్తొస్తుంది. ఆ మార్కెట్‌కి వచ్చినవాళ్లు కాస్త తీరిక చేసుకుని హన్మకొండలోని వేయిస్తంభాల గుడికీ వెళ్లాలి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయమిది. శివుడు, విష్ణువు, సూర్యుడు... ముగ్గురికీ గర్భగుళ్లున్నాయి. నందికి అవతల ఉన్న కల్యాణ మండపానిదే అసలు కథ. పునాది కుంగిపోవడంతో 2006 ప్రాంతంలో పురావస్తు శాఖ దాన్ని విప్పదీసి, రాళ్లకు నంబర్లు వేసి పక్కన పెట్టింది. మళ్లీ తలుపులు తెరుచుకున్నది 2024 మార్చిలో! ఈలోగా ఊళ్లో ఓ తరం పిల్లలు మండపాన్ని చూడకుండానే పెద్దవాళ్లయ్యారు. ఓరుగల్లువాళ్ల ఓపికే ఓపిక! కాళోజీ కళాక్షేత్రానికీ అంతే: 2014లో శంకుస్థాపన, 2024 నవంబరులో ప్రారంభం. పగలు గుడి చూసి, కార్యక్రమం ఏదైనా ఉంటే సాయంత్రం అక్కడ గడపొచ్చు.