రెండో భాష

పుప్పాలగూడలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నానంటే మా బంధువులు నమ్మరు. ఆ అద్దాల మేడల మధ్య తెలుగేమిటండీ, అంటారు! పదో తరగతివరకూ తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. ఆ పైన, మా ఇంటర్మీడియెట్‌లో, పిల్లలకు సంస్కృతంమీదే మోజు. భక్తి అనుకునేరు, మార్కులు!

మా అటెండరు చాచాది ఈ వూరే. ఒకనాడు నమాజు ముగించి వస్తూంటే, "దేవుడితో ఏ భాషలో మాట్లాడుతావు చాచా?" అన్నాను.

"నమాజు అరబ్బీల, సారూ. దువా నోటికేదొస్తే అది. ఆవు తప్పిపోయిననాడు తెలుగులనే అడిగిన. దాన్ని తెలుగులనే పిలుస్తుంటిమి గద!"

ఆవు దొరికిందట.

ఈ యేడు నా తరగతిలో 14 మంది. పదికి తగ్గితే తెలుగు ఎత్తివేస్తారట. ప్రవేశాలనాడు చాచాను నా పక్కనే కూర్చోబెట్టుకుందామని చూస్తున్నాను.