ఉత్తర కలకత్తా పాత ఇళ్ళలో ఒక ఆదివారం

కలకత్తా చూడబోయినవారిలో చాలామంది కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా స్మారక భవనం చూచి, యాత్ర సంపూర్ణమైనదనుకొని తిరిగి రైలెక్కుతారు. కాని 2001లో కోల్‌కతాగా పేరు మార్చుకొన్న ఆ మహానగరం ఎట్లా ఆలోచించిందో, ఎట్లా బ్రతికిందో తెలియాలంటే ఉత్తర భాగాన ఉన్న పాత పేటలలో ఒక రోజు నిదానంగా గడపాలి. శోభాబజారు నుంచి జొడాసాంకో వరకు దూరం సుమారు రెండు కిలోమీటర్లు. ఆధునిక భారత చరిత్రలో గణనీయమైన భాగం ఆ కాస్త దూరంలోనే, కొన్ని ఇళ్ళ నాలుగు గోడల మధ్య రూపుదిద్దుకొన్నది.

ఈ పర్యటనకు ఆదివారమే అనువైన రోజు. సోమవారం నాడు ఇక్కడి ప్రదర్శనశాలలు మూసి ఉంటాయి. మార్బుల్ ప్యాలెస్‌కు గురువారం కూడా సెలవే. పైగా తక్కిన దినాలలో చిత్‌పూర్ రోడ్డు లారీలతో, తోపుడు బండ్లతో, మూటలు మోసే కూలీలతో క్రిక్కిరిసి ఉంటుంది. నగరంలోకెల్లా ప్రాచీనమైన ఈ బాటకు ఇప్పుడు రవీంద్ర సరణి అని పేరు. ఆదివారం నాడు ఆ సందడి కొంత సద్దుమణుగుతుంది. తలయెత్తి మేడలను చూడడానికి తీరిక దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త అవసరం. మార్బుల్ ప్యాలెస్ చూడడానికి పర్యాటక శాఖ కార్యాలయం నుంచి ముందుగా అనుమతి పత్రం తీసుకోవడం ఆనవాయితీ. ఆదివారం కార్యాలయాలు ఉండవు గనుక శుక్రవారంలోగా ఆ పని ముగించుకోవడం మంచిది. ఆయా స్థలాల ప్రవేశవేళలు కూడా అప్పుడే కనుక్కోవచ్చు.

ఇంటి పోలిక

ఇళ్ళను చూచేముందు వాటి కట్టడి తెలిస్తే ఆనందం ఇనుమడిస్తుంది. మన గోదావరి జిల్లాల మండువా లోగిలిని ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. ఇంటి నడుమ ఆకాశానికి తెరచిన ముంగిలి. దానికి ఒక వైపున, కమానుల వెనుక, ఎత్తైన పూజామండపం. దీనిని వంగదేశీయులు ఠాకుర్ దాలాన్ అంటారు. దుర్గాపూజ జరిగేది ఇక్కడే. ముంగిలి చుట్టూ మేడమీద వరండాలు. వాటికి చెక్క రెక్కల కిటికీలు. అంతఃపుర స్త్రీలు ఆ రెక్కల సందుల నుంచే ఉత్సవాలు తిలకించేవారు. పురుషులు కూర్చుండే బయటి భాగం వేరు, స్త్రీలు మసలే లోపలి భాగం వేరు. వీధివైపు ఉండే అరుగును ‘రోక్’ అంటారు. ఆదివారం ఉదయం ఆ అరుగులమీద సాగే లోకాభిరామాయణానికే ‘అడ్డా’ అని పేరు.

శోభాబజారు

ఆదివారం మెట్రో రైళ్ళు కొంత ఆలస్యంగా మొదలవుతాయి. అందువల్ల పెందలకడ బయలుదేరేవారు టాక్సీలో రావడం మేలు. మొదట చూడవలసినది రాజా నవకృష్ణదేవ్ వీధి. క్లైవుకు మున్షీగా పనిచేసి అపారమైన ఐశ్వర్యం గడించిన నవకృష్ణదేవ్ 1757లో, ప్లాసీ యుద్ధం జరిగిన సంవత్సరంలోనే, ఇక్కడ దుర్గాపూజ ప్రారంభించారని ప్రసిద్ధి. ఆ పూజ నేటికీ సాగుతున్నది. ఆయనకు సంతానం లేక ముందు దత్తుని తీసుకొన్నారు. తరువాత కుమారుడు కలిగాడు. అందుచేత ఒకే వీధిలో రెండు రాజభవనాలు, రెండు పూజలు ఏర్పడ్డాయి.

దత్తపుత్రుని కుమారుడు రాధాకాంతదేవ్. సంస్కృతం చదువుకొన్న తెలుగువారికి ఈ పేరు పరాయిది కాదు. మన పండితులు పదే పదే ఉదాహరించే ‘శబ్దకల్పద్రుమం’ అనే బృహన్నిఘంటువును ఎనిమిది సంపుటాలలో కూర్పించినవారు ఆయనే. దాని ప్రచురణ దశాబ్దాల తరబడి సాగి 1858లో పూర్తయింది. చికాగో నుంచి తిరిగివచ్చిన వివేకానందస్వామికి 1897 ఫిబ్రవరి 28న పౌరసన్మానం జరిగినది కూడా ఈ రాధాకాంతుని ఇంటనే. పరపాలకుల కొలువులో ఆర్జించిన ధనంతో వెలసిన ఇంట దేశానికి ఆత్మగౌరవం నేర్పిన సన్యాసికి స్వాగతం లభించడం చరిత్ర చేసిన చమత్కారం.

ఇక్కడికి దగ్గరలోనే కుమార్‌టోలి ఉన్నది. గడ్డి, వెదురు, గంగమట్టితో దేవతామూర్తులను మలచే కుమ్మరుల వాడ అది. అరగంట అక్కడ గడిపి దక్షిణంగా సాగిపోవచ్చు.

దత్తవారి ఇల్లు

గౌర్‌మోహన్ ముఖర్జీ వీధిలోని దత్తవారి ఇంట 1863 జనవరి 12న నరేంద్రనాథుడు జన్మించాడు. తండ్రి విశ్వనాథదత్త హైకోర్టులో న్యాయవాది. 1884లో ఆయన మరణించగానే కుటుంబం దారిద్ర్యంలో పడింది. దాయాదులతో ఇంటి తగాదా న్యాయస్థానానికెక్కింది. సర్వమూ త్యజించిన తరువాత కూడా తల్లి భువనేశ్వరీదేవికి నిలువనీడ దొరకాలనే చింత వివేకానందుని వదలలేదు.

కాలక్రమాన ఈ ఇల్లు వాటాలుగా చీలి, అద్దెలకు వెళ్ళి, శిథిలమైపోయింది. రామకృష్ణ మిషన్‌వారు ఎంతో శ్రమించి స్థలం సేకరించి, అక్కడ నివసించేవారికి ప్రత్యామ్నాయం చూపించి, పాత రూపాన్ని పునరుద్ధరించి, 2004లో ప్రజలకోసం తెరచారు. ఒక ఇంటిని నిలబెట్టడానికి ఎంత ఓర్పు కావాలో ఇక్కడ బోధపడుతుంది.

మధ్యాహ్న భోజనం ఈ చుట్టుప్రక్కలనే ముగించుకోవచ్చు. వంగదేశపు ఆదివారం భోజనం పూరీల వంటి లూచీలతో, శనగపప్పుతో మొదలై సందేశ్‌తో ముగుస్తుంది. తొందర పనికిరాదు.

చలువరాతి మేడ

ముక్తారాంబాబు వీధి ఇరుకుగా ఉంటుంది. ఆ ఇరుకులో హఠాత్తుగా గ్రీకు స్తంభాలతో, పచ్చిక బయలుతో ప్రత్యక్షమౌతుంది మార్బుల్ ప్యాలెస్. 1835లో నిర్మాణం ఆరంభమైనప్పుడు యజమాని రాజేంద్ర మల్లిక్ పదహారేళ్ళ బాలుడు. నేలనిండా రంగురంగుల చలువరాళ్ళు. గదినిండా నిలువుటద్దాలు, షాండ్లియర్లు, గడియారాలు, పాలరాతి విగ్రహాలు. రూబెన్స్, రెనాల్డ్స్ గీసినవని చెప్పే చిత్రాలు మసక వెలుతురులో వ్రేలాడుతూ ఉంటాయి. ఆవరణలోనే జగన్నాథుని ఆలయం, పక్షులు, జంతువులు ఉన్నాయి. ఛాయాచిత్రాలు తీయనివ్వరు.

ఇంత వైభవం చూచి, ఇదంతా ధనమదమేమో అని తోచవచ్చు. కాని 1866 నాటి ఒడిశా కరవులో నగరానికి తరలివచ్చిన అన్నార్తులకు ఈ ఇంట అన్నదానం జరిగింది. పేదలకు భోజనం పెట్టడం ఈ కుటుంబపు ఆచారం. వారి వంశీయులు నేటికీ ఇక్కడే నివసిస్తున్నారు. అతిథి తాను ఒకరి ఇంట అడుగుపెట్టినానన్న సంగతి మరువరాదు.

జొడాసాంకో

చివరిది ద్వారకానాథ్ ఠాకూర్ సందులోని ఆరవ నంబరు ఇల్లు. 1784లో నీలమణి ఠాకూర్ ఇక్కడ స్థిరపడ్డారు. బ్రహ్మసమాజానికి సారథి అయిన మహర్షి దేవేంద్రనాథుడు ఇక్కడివాడే. ఆ సమాజపు వెలుగే రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారిని, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారిని చేరింది. రవీంద్రనాథుడు 1861 మే 7న ఈ ఇంటనే కన్ను తెరచాడు. 1941 ఆగస్టు 7న ఈ ఇంటనే కన్ను మూశాడు. మరణానికి కొద్దిరోజుల ముందు ఆయనకు శస్త్రచికిత్స జరిగినదీ ఇక్కడి వరండాలోనే. ఆ గదులలో సందర్శకులు వాటంతట అవే గొంతు తగ్గిస్తారు.

కవి ఒక్కడే ఇక్కడి కథకు నాయకుడు కాడు. అన్న సత్యేంద్రనాథుడు ఐ.సి.ఎస్.లో ప్రవేశించిన మొదటి భారతీయుడు. ఆయన భార్య జ్ఞానదానందినీదేవి అంతఃపురం దాటి బయటికి వచ్చి, రవికెతో చీర కట్టుకొనే కొత్త తీరును వంగస్త్రీలకు అలవాటు చేసింది. 1962 నుంచి ఈ ప్రాంగణంలో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం వెలసింది.

అయితే ప్రక్కనే ఉండిన అయిదవ నంబరు ఇల్లు ఇప్పుడు లేదు. అవనీంద్రనాథుడు, గగనేంద్రనాథుడు దాని దక్షిణపు వరండాలో కూర్చొని భారతీయ చిత్రకళకు కొత్త ప్రాణం పోశారు. ఇల్లు అమ్ముడుపోయింది, కూలిపోయింది.

నిలిచినవి, కూలినవి

ఈ పేటలో గడిపిన రోజు మన ముందుంచే ప్రశ్న ఇదే. కొన్ని ఇళ్ళు ఎందుకు నిలిచాయి? 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం వల్ల వచ్చిన భూమి రాబడి ఈ మేడలను పోషించింది. జమీందారీలు పోయిన తరువాత ఆ రాబడి ఆగింది. వారసులు పెరిగారు, వాటాలు చిన్నవయ్యాయి. అందరూ సంతకం చేయనిదే కప్పు బాగుచేయించడం కుదరదు, అందరూ సంతకం చేస్తే మేడ కట్టుబడిదారు చేతికి పోతుంది. నగరపాలక సంస్థ వారసత్వ కట్టడాల జాబితా తయారుచేసింది గాని, జాబితాలో పేరెక్కినంత మాత్రాన ఇంటి కప్పు కారడం మానదు.

నిలిచిన నాలుగింటినీ ఒక్కొక్క ఆసరా నిలబెట్టింది. శోభాబజారును పూజ నిలిపింది. దత్తవారి ఇంటిని ఒక సంస్థ దీక్ష నిలిపింది. మార్బుల్ ప్యాలెస్‌ను వంశాభిమానం నిలిపింది. జొడాసాంకోను విద్య నిలిపింది. మన ఊళ్ళలోనూ లోగిళ్ళు కూలుతున్న ఈ రోజులలో ఈ నాలుగు మార్గాలూ గుర్తుంచుకోదగినవే.

సాయంకాలానికి కాళ్ళు అలసిపోతాయి. జొడాసాంకో నుంచి పడమరగా నడిస్తే గంగ ఒడ్డున నీమ్‌తలా ఘాట్ వస్తుంది. విశ్వకవి అంతిమయాత్ర అక్కడికే సాగింది. ఆయన స్మారకం ప్రక్కన నిలిచి, హౌరా వైపు సూర్యాస్తమయం చూచి, మట్టి ముంతలో టీ త్రాగి బసకు మరలవచ్చు.