ఇంజను ఆపాక

మన సీఎస్ఈ వాళ్ళకి పోర్ట్ అంటే 8080. దాన్ని తెలుగులో రేవు అంటారని ఈ జనవరి దాకా నాకు తట్టనే లేదు. అలాగని నేనేమీ నీళ్ళు చూడనివాణ్ణి కాదు. మాది రాజమండ్రి. కోటిలింగాల రేవు అనే మాట చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను. కానీ ఇంగ్లీష్ మీడియం బుర్రకి అది ఆటో అతనికి చెప్పే అడ్రస్ మాత్రమే.

నాకు ఇష్టమైన మూడు రేవుల గురించి రాద్దామని కూర్చున్నాను. మూడూ పాపికొండల దారిలోవే. వాటిలో ఒకదాంట్లో నేను ఒక్కసారి కూడా దిగలేదు.

మొదటిది కొల్లూరు. 2016 డిసెంబరు, నేను ఐదో తరగతి. అమ్మ, నాన్న, తాతయ్య, నేను రెండు రోజుల ట్రిప్ వెళ్లాం. అప్పట్లో పోలవరానికి ఎదురుగా ఉన్న పురుషోత్తపట్నం దగ్గర బోటు ఎక్కేవాళ్ళు. సాయంత్రానికి కొల్లూరు ఇసక తిన్నె మీద దిగాం. వెదురు గుడిసెలు, మధ్యలో చలిమంట, వెదురు బొంగులో వండిన చికెన్. వరదొస్తే ఇసకంతా నీళ్ళలోకి పోతుంది కాబట్టి గుడిసెలు ఏటా మళ్ళీ కట్టుకోవాల్సిందేనని అక్కడి కుర్రాడు చెప్పాడు. రాత్రి జనరేటర్ ఆపేశారు. అంత చీకటి నేను అప్పటిదాకా చూడలేదు. నాకు భయమేసి, టాబ్‌లో గేమ్ పెట్టుకుని దుప్పట్లో దూరాను. తాతయ్య మాత్రం బయట ఇసకలో కూర్చున్నారు. "ఒరేయ్, బయటికి రారా, నీళ్ళ చప్పుడు విను" అని రెండుసార్లు పిలిచారు. నేను వెళ్ళలేదు. ఛార్జింగ్ పన్నెండు శాతం ఉంది, లెవెల్ దాటాలి.

పొద్దున లేచేసరికి గోదావరి కనపడలేదు. మంచు. మన బోటు ముందు భాగం, ఇసకలో పాతిన గుంజ, దానికి కట్టిన మోకు, అంతే. మోకు అటు చివర నది ఉందని నమ్ముకోవాలి. ఆ బొమ్మ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండోది పేరంటపల్లి. అదే ట్రిప్‌లో తిరుగు దారిలో ఆగాం. అక్కడ రేవంటే కట్టిన ప్లాట్‌ఫారం ఏమీ ఉండదు. బోటు ఇసకకి ఆనిస్తారు, చెక్క వేస్తారు, దిగి గట్టు ఎక్కుతాం. పైన చెట్ల నీడలో శివాలయం, బాలానంద స్వామి స్థాపించిన మునివాటం, కొండ మీంచి దిగే సన్నటి వాగు. గట్టు మీద కొండరెడ్లు వెదురుతో చేసిన పూలబుట్టలు, బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. అమ్మ బేరమాడబోతే తాతయ్య ఆపారు. "మనం వాళ్ళ గుమ్మంలోకి వచ్చామే" అన్నారు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

తాతయ్య సంగతి చెప్పాలి. ఆయన రిటైర్డ్ టీచర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్ళు దేవీపట్నంలో పనిచేశారు. రాజమండ్రి నుంచి లాంచీలో వెళ్ళేవారట. అమ్మమ్మని కాపరానికి తీసుకెళ్ళింది కూడా లాంచీలోనే. ఇత్తడి బిందె నీళ్ళలో పడిపోతే సరంగు ఇంజను ఆపించి మరీ తీయించాడని అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ చెప్పేది. నా మూడో రేవు అదే, దేవీపట్నం. నాకు తెలిసిందంతా వినికిడే.

ఈ జనవరిలో ఫ్రెండ్స్ అయిదుగురం పాపికొండలు ప్లాన్ చేశాం. తాతయ్యకి ఇప్పుడు షుగర్ వల్ల చూపు బాగా తగ్గిపోయింది. బయల్దేరే ముందు రోజు రాత్రి పిలిచి, "దేవీపట్నం రేవు వీడియో తీసుకురారా. రావిచెట్టు ఉందో లేదో చూడు" అన్నారు. సరే అన్నాను. గూగుల్ మ్యాప్స్ తెరిచి కూడా చూడలేదు.

ఇప్పుడు బోటు గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. లైఫ్ జాకెట్ వేసుకుంటే గానీ కదల్చరు. ఎక్కిన కాసేపటికే నేను ఫోన్ పట్టుకుని ఒడ్డు వైపు నిలబడ్డాను. "అన్నా, దేవీపట్నం ఎప్పుడొస్తుంది?" అని సరంగుని అడిగాను. ఆయన చెయ్యి చూపించాడు. "అదే తమ్ముడూ."

కొన్ని మొండి గోడలు, నీళ్ళలో నిలబడి ఎండిపోయిన చెట్లు. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వరదలకి ఊరు మునిగింది, జనం పునరావాస కాలనీలకి వెళ్ళిపోయారు. ఇది పేపర్లో వచ్చిన విషయమే. నేను చదవలేదు, అంతే. డ్యామ్ వద్దు అనేంత మాట నేను అనను. మా నాన్న వైపు వాళ్ళు రైతులు, నీళ్ళ విలువ ఇంట్లో వింటూ పెరిగాను. కానీ ఆ ఎండిన చెట్లలో రావిచెట్టు ఏదో నాకు తెలియలేదు. బోటు ఆగలేదు. ఆగడానికి రేవు లేదు. వీడియో నలభై సెకన్లు వచ్చింది.

కచ్చులూరు దగ్గర బోటులో పాటలు ఆపేశారు. 2019 సెప్టెంబరు 15న బోటు మునిగింది ఇక్కడే. అక్టోబరులో గానీ దాన్ని బయటికి తీయలేకపోయారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి, వారం రోజులు మా ఇంట్లో టీవీ కట్టలేదు. మా పక్కన కూర్చున్న ఒకావిడ నీళ్ళకి దణ్ణం పెట్టుకుంది. మేమూ మాట్లాడలేదు.

పేరంటపల్లి దగ్గరికొచ్చేసరికి సరంగు ముందే ఇంజను ఆపేశాడు. లోతు తక్కువ చోట పంకా ఇసకలో తగిలితే పాడవుతుందట. అందుకని చివరి కాస్త దూరం బోటు తన ఊపు మీదే వస్తుంది, ముందు ఒకతను గెడతో లోతు చూస్తుంటాడు. గంటల తరబడి మోగిన ఇంజను ఒక్కసారిగా ఆగిపోతే చెవులు గుయ్యిమంటాయి. తర్వాత మెల్లగా నీళ్ళ చప్పుడు వినపడుతుంది. తాతయ్య కొల్లూరులో వినమన్నది ఇదే అయ్యుంటుంది. తొమ్మిదేళ్ళు లేటుగా విన్నాను. ఫోన్ అప్పటికీ రికార్డ్ అవుతూనే ఉంది.

ఇంటికొచ్చాక పెద్ద సమస్య. దేవీపట్నం వీడియో చూపించాలా? చూపు ఎలాగూ సరిగా ఆనదు కదా, పేరంటపల్లి వీడియో పెట్టి ఇదే దేవీపట్నం అనేస్తే? నిజంగానే అలా చేయబోయాను. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి ప్లే నొక్కాను.

తాతయ్య కళ్ళు మూసుకుని విన్నారు. "ఇంజను ఆపాడు... ఇప్పుడు గెడ వేస్తాడు చూడు" అన్నారు. వేశాడు. కాసేపటికి వాగు చప్పుడు లీలగా వచ్చింది. తాతయ్య నవ్వారు. "ఇది పేరంటపల్లి కదరా. దేవీపట్నంలో వాగెక్కడిది?"

నా మొహం ఎలా ఉందో ఆయనకి కనపడకపోవడం నా అదృష్టం. నిజం చెప్పేశాను.

"తెలుసురా" అన్నారు. "మునిగిందని పేపరు చదివి మీ అమ్మే చెప్పింది. ఆ రావిచెట్టొక్కటీ ఏమన్నా పైకి కనపడుతుందేమోనని." కాసేపాగి, "బోటు ఆగిన చోటల్లా రేవు కాదు. దిగి నడిస్తే ఊరుండాలి. అందరూ వెళ్ళిపోయాక అక్కడ ఆపి మాత్రం ఏం చేస్తాడు?" అన్నారు.

ఆ రాత్రి ఆయన చెబుతుంటే నేను ఫోన్లో టైప్ చేశాను. దేవీపట్నం, తొయ్యేరు, మంటూరు, కచ్చులూరు, కొండమొదలు, కొరుటూరు, పేరంటపల్లి, కొల్లూరు, పోచవరం. ఏ రేవులో ఎవరు ఎక్కేవాళ్ళు, ఎక్కడ టీ బాగుండేది, ఎక్కడ బురద ఎక్కువ, అన్నీ. "తొయ్యేరు" అని కొడితే కీబోర్డ్ మూడుసార్లు "తయారు" అని మార్చింది. మూడుసార్లూ మళ్ళీ కొట్టాను. ఇంకా సగమే అయింది. సెమ్ ఎగ్జామ్స్ అవ్వగానే మిగతాది కూర్చుని రాయాలి.

మీరు పాపికొండలు వెళ్తే రీల్స్ తీసుకోండి, నేనూ తీశాను. దాంతోపాటు సరంగుని ఒడ్డున కనపడే ఊళ్ళ పేర్లు అడిగి రాసుకుని నాకు పంపండి. తాతయ్య మర్చిపోయినవి వాటిలో దొరకొచ్చు.