కల్పవల్లి కొండలలో ఒక దినము

చెన్నేకొత్తపల్లిని, అనగా ఆ ప్రాంతపువారు సీకేపల్లి యని పిలుచుకొను నూరిని దాటి, ముష్టికోవెల దిక్కుగా మా జీపు మరలినప్పటికి పొద్దు బారెడెక్కినది. కోత ముగిసిన శెనక్కాయ చేలలో ఎర్రదుమ్ము లేచుచుండెను. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు తరచుగా పైరు వాడిన పిమ్మట వచ్చు వాన, కురియు నీ అనంతపురపు మెట్టనేలలో నా కన్నులకు బోడిగుట్టలే యలవాటు. కావున మలుపు తిరిగినంతనే కానుగలును, ఈతచెట్లును, నడుమెత్తు బోదగడ్డియు నిండిన కొండవాలు కనబడగా, నేను జీపు నాపించి దిగితిని. అదియే కల్పవల్లి.

దీని పుట్టుక కొంత చెప్పవలెను. 1990లో సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులును ఈ సమీపముననే 32 ఎకరముల బీడు కొని, నేలయు నింగియు కలియు చోటను భావమున దానికి టింబక్టు అని పేరిడిరి. నిప్పును, విచ్చలవిడి మేతను ఆపగానే, చచ్చినవనుకొన్న మోళ్ళు తమంతట తామే చిగిర్చినవి. వేళ్ళు భూగర్భమున ప్రాణములు బిగబట్టుకొని యుండినవి! ఆ పాఠమునే చుట్టుపట్ల గ్రామములవారు గ్రహించి, వేల యెకరముల బంజరు కొండలను సహకార సంఘముగా కూడి కాచుకొనిరి. నేడచ్చట తోడేళ్ళు సైతము సంచరించుచున్నవి. ఈతాకులతో స్త్రీలు బుట్టలల్లుచున్నారు.

నేను పోయిన దినమున పదిమంది యువకులు కొడవళ్ళతో వరుసగా గడ్డి కోసి, ప్రక్కకు లాగి, బండి పట్టునంత వెడల్పున మట్టి తేలునట్లు బాట తీయుచుండిరి. వేసవిలో ఒకవైపు రగిలిన మంట రెండవవైపునకు దాటకుండుటకే యా బాట. వారిలో నొకడు బెంగళూరులో కొన్నాళ్ళు కూలికి పోయి తిరిగి వచ్చినవాడు. ఏటేటా ఇదే పనియా యని యడిగితిని.

“నిప్పు పడితే మా నాయన కాలం నుంచి కాసిందంతా ఒగ రాత్రిలో పోతాది సామీ,” అనుచు వాడు కొడవలి నాపలేదు.

ఒక చెరువు త్రవ్వినవానికి శిలాఫలకము దక్కును. నిప్పు రాకుండ కాచినవానికి చూపుకొనుటకు జరగని ప్రమాదము తప్ప వేరొండు లేదు. అయినను క్షామసీమకు కావలసిన యౌవనము ఇట్టిదేయని నాకు దృఢముగా తోచినది. గాలిమరలు నిలుపుటకై ఆ కొండలను తొలిచి వేసిన వెడల్పు బాటల యంచున మట్టి జారుచుండుట చూచి మాత్రము నా మనస్సు కలుక్కుమన్నది. ఆ గాయముల ప్రక్కనే యీ పిల్లలు సన్నని రక్షారేఖ గీయుచున్నారు.

పాఠకులారా, బెంగళూరు బాటన పోవునపుడు సీకేపల్లిలో దిగి ఒక పూట ఆ కొండ యెక్కుడు. అగ్గిపెట్టె మాత్రము క్రిందనే విడిచి పొండు.