ఏలీయాను ముందు పడుకోనిచ్చాడు

డాలస్‌లో మాకు పొద్దున తొమ్మిదైతే మాదాపూర్‌లో రాత్రి ఏడున్నర. నవంబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటాం. మా మీటింగు వేళ మారదు, అక్కడివాళ్ల రాత్రి భోజనమే గంట ఆలస్యమవుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఆ వైపు ఎన్నో ఇళ్లు అమెరికా పగటిని బట్టే నిద్రపోతున్నాయి.

కొండాపూర్‌లో ఉండే మా మరదలిది నైట్ షిఫ్టు. తెల్లారి క్యాబ్ దిగి, పిల్లాడికి బాక్సు కట్టి బడికి పంపి, కర్టెన్లు లాగి పడుకుంటుంది. ఈ మధ్య ఫోన్‌లో, "వదినా, మోకరించగానే నిద్ర ముంచుకొస్తోంది. నాలో ప్రార్థనాత్మ చల్లారిపోయిందేమో" అంది. శుక్రవారం ఆల్‌నైట్ ప్రార్థనకు వెళ్లలేకపోతున్నానని దిగులు.

నాకు ఏలీయా గుర్తొచ్చాడు. చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ప్రవక్తను దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకుంటే, రెండోసారీ లేపి తినిపించాడు. హోరేబుకు నలభై రోజుల నడక, ఆ కొండ మీద మాట్లాడటం, అన్నీ ఆ తర్వాతే. తిండికి కూడా తీరిక లేని శిష్యుల్ని యేసు ఏకాంతానికి రమ్మన్నదీ అలసట తీర్చుకోవడానికే.

రాత్రంతా ప్రార్థించడాన్ని తక్కువ చేయడం లేదు. ఇంగ్లండులో, కెనడాలో ఇంజినీరింగు చదివి 1933లో తిరిగొచ్చిన భక్తసింగ్ గారు, 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద తోటివారితో రాత్రంతా ప్రార్థించాకే సంఘాలు కట్టడానికి పూనుకున్నారు. మన హైదరాబాదు హెబ్రోను మందిరం కూడా ఆ పరిచర్యలోదే. కానీ వాళ్లు చేతిలో పని వదిలి కొండెక్కారు. పగలంతా పొలంలో ఉన్న మనిషికి రాత్రి కూడిక నిజంగా ఏకాంతమే. నైట్ షిఫ్టు చేసే పిల్లకు అది ఇంకో షిఫ్టు.

విసుగక ప్రార్థించమని చెప్పడానికి యేసు చూపించింది ఒక విధవరాలిని. ఆమె న్యాయాధిపతి గుమ్మంలో రాత్రంతా కూర్చున్నట్టు ఆ కథలో లేదు. మాటిమాటికీ వెళ్లింది, అంతే. మధ్యలో ఇంటికెళ్లి వండుకునే ఉంటుంది, పడుకునే ఉంటుంది. పట్టుదల అంటే నాకు ఆ రాకపోకలే.

మా మరదలితో అదే అన్నాను: ముందు కడుపునిండా తిని నిద్రపో, లేచాక అడుగు. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి, క్యాబ్ వచ్చేలోపు, వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కూడుకుంటున్నారు. అన్నకు ఉద్యోగం కావాలని ఒకామె రోజూ ఒకే మాట అడుగుతుందట. ఎవరూ విసుక్కోరట.

హైటెక్ సిటీ చుట్టూ ఉన్న సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. శుక్రవారం రాత్రి కూడిక అలాగే ఉండనివ్వండి. షిఫ్టుల్లో ఉన్నవాళ్లను మాత్రం ఆ రాత్రి పడుకోమని మీ నోటితోనే చెప్పండి, వాళ్ల కోసం మధ్యాహ్నం కూడా మందిరం తలుపు తెరవండి.